డిసెక్షన్ హాల్లో ఫార్మలిన్ ఘాటు తగ్గాలంటే ప్లాన్‌లో ఏం మార్చాలి?

కోస్తా_నక్షాలు
కోస్తా జిల్లాలో 150 సీట్ల మెడికల్ కాలేజీకి అనాటమీ బ్లాక్ డ్రాయింగులు తయారవుతున్నాయి. డిసెక్షన్ హాలు (ఫార్మలిన్‌తో నిల్వ చేసిన దేహాలను కోసి చదివే గది) మొదటి అంతస్తులో ఉంది: 20 మీ. × 15 మీ., ఎత్తు 4.2 మీ., 15 టేబుళ్లు. స్ప్లిట్ ఏసీలు, సీలింగ్ ఫ్యాన్లు, కిటికీల పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్లు చూపించారు. శ్లాబ్ డ్రాయింగులు ఇంకా ఖరారు కాలేదు. ఇది సరిపోతుందా?

గాలి_లెక్క
సరిపోదండి. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది. తలుపులు మూసి ఏసీ వేస్తే ఫార్మలిన్ నుంచి లేచే ఫార్మాల్డిహైడ్ వాయువు అక్కడే పేరుకుంటుంది. 2004లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌సీ) దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి గ్రూపులో పెట్టింది. కళ్లు మండటంతో పోయే విషయం కాదు.

పైన ఎగ్జాస్ట్ పెట్టడం ఇంకా పెద్ద తప్పు. ఆవిరి పుట్టేది టేబుల్ మీద, దానిపైకి వంగి ఉండేది విద్యార్థి ముఖం. పైకి లాగితే ఆవిరంతా ఆ ముఖాల మీదుగానే పోతుంది. తాజా గాలి సీలింగ్ నుంచి నెమ్మదిగా దిగాలి, చెడు గాలి కింద నుంచి పోవాలి. సీలింగ్ ఫ్యాన్లు తీసేయండి, ఈ ప్రవాహాన్ని చెదరగొడతాయి.

మీ హాలు 1,260 ఘనపు మీటర్లు. గంటకు 12 సార్లు గాలి మారాలంటే సుమారు 15,000 ఘ.మీ. బయటికి లాగాలి. లోపలికి 13,500 మాత్రమే ఇవ్వండి. ఆ తేడా వల్ల వాసన కారిడార్‌లోకి రాదు. గోడ వెంట, నేలకు 30 సెం.మీ. ఎత్తున గ్రిల్స్ పెట్టండి. కానీ 15 మీటర్ల వెడల్పులో నడుమ వరుసలకు వాటి లాగుడు అందదు. అక్కడ టేబుల్ అంచు నుంచే లాగే డౌన్‌డ్రాఫ్ట్ టేబుళ్లు తప్పవు. జీఐ (జింక్ పూత ఇనుప రేకు) డక్ట్, అంటే గాలి గొట్టం, తుప్పు పడుతుంది; పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) గానీ ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్) గానీ వాడండి. చిమ్నీ డాబా మీద కనీసం 3 మీటర్లు లేవాలి. తాజా గాలి తీసుకునే చోటికి దూరంగా ఉండాలి.

అనాటమీ_బ్లాక్
హాలును కింది అంతస్తుకి దించగలిగితే సగం చిక్కులు తీరతాయి. దేహాలు వెనుక గేటు నుంచి నేరుగా ఎంబామింగ్ గదికి (దేహం పాడవకుండా మందు ఎక్కించే చోటు), అక్కడి నుంచి హాలుకి వెళ్లాలి. విద్యార్థుల దారితో కలవకూడదు. పైనే ఉంచాలంటే స్ట్రెచర్ పట్టే లిఫ్ట్ కావాలి, లోపల లోతు 2.4 మీటర్లైనా ఉండాలి. టేబుల్‌కి 10 మంది నిలబడతారు కాబట్టి టేబుళ్ల మధ్య 1.5 మీ. వదలండి. దేహదానం చేసిన కుటుంబం చివరిసారి చూసుకోవడానికి గేటు పక్కన ఒక చిన్న గది తప్పక ఇవ్వండి. చాలా ప్లాన్లలో ఇది ఉండదు, ఉండి తీరాలి.

డ్రైనేజీ_వాడు
ఫార్మలిన్ నీళ్లు సెప్టిక్ ట్యాంకుకో ఎస్టీపీకో (మురుగునీటి శుద్ధి ప్లాంటు) కలిపితే అక్కడి బ్యాక్టీరియా చస్తుంది, శుద్ధి ఆగిపోతుంది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం పారేసే ఫార్మలిన్ రసాయన ద్రవ వ్యర్థం. విడి పైపు లైన్‌లో ఈటీపీకి (రసాయన వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు) పంపాలి. నేల వాలు 1:100 ఇవ్వండి. నహానీ ట్రాప్‌లో (నేల మీది నీళ్లు పోయే తూము వంపు) వాసనను ఆపే నీటి సీల్ 50 మి.మీ. ఉండాలి. సెలవుల్లో అది ఎండిపోతే పైపులోంచి వాసన తన్నుకొస్తుంది. అందుకే దగ్గర్లో ఓ కుళాయి పెట్టి వారానికోసారి నీళ్లు పోయించండి.

కోస్తా_నక్షాలు
కింది అంతస్తుకే మార్చేస్తున్నాం. అంత బయటి గాలిని చల్లబరిస్తే కరెంటు బిల్లు భరించగలమా?

గాలి_లెక్క
కోస్తా ఉక్కలో 13,500 ఘ.మీ. గాలికే సుమారు 45 టన్నుల ఏసీ పడుతుంది. క్లాసు జరిగేటప్పుడు మాత్రమే 12 మార్పులు నడిపి, రాత్రిళ్లు 4కు తగ్గించండి. ఫ్యాన్లకు వీఎఫ్‌డీ (మోటారు వేగం తగ్గించి పెంచే పరికరం) పెడితే ఇది సులువు. బయటికి పోయే చల్లదనాన్ని తిరిగి పట్టుకోవడానికి రన్-అరౌండ్ కాయిల్ వాడండి; ఇందులో రెండు గాలి దారుల్లోని కాయిల్స్ మధ్య నీళ్లు మాత్రమే తిరుగుతాయి, గాలి కలవదు. రెండు గాలి దారుల మధ్య తిరుగుతూ చల్లదనం మోసే వీల్ వద్దు, దాని సందుల్లోంచి చెడు గాలి కొంత లోపలికే వస్తుంది. కాంట్రాక్టర్ నుంచి హాలు తీసుకునే ముందు ప్రతి టేబుల్ అంచున పొగ పెన్సిల్ (గాలి దారి కనిపించేలా సన్నని పొగ వదిలే పుల్ల) పట్టి చూడండి. పొగ పైకి లేచినా, పక్కలకు చెదిరినా ఆ టేబుల్‌కి వెళ్లే డక్ట్‌లో గాలిని తగ్గించి పెంచే తలుపు (బ్రాంచి డ్యాంపర్) సరిచేయించాకే సంతకం పెట్టండి.