డౌట్, సస్పెక్ట్: రెండూ అనుమానమే కదా, తేడా ఎక్కడ?

ప్రశ్న:
మొన్న పనిలో ఉండగా సర్వర్ డౌన్ అయిందేమోనని అనుమానం వచ్చి, వేరే దేశంలో ఉన్న మా టీమ్ ఆవిడకి "ఐ డౌట్ ద సర్వర్ ఈజ్ డౌన్" అని మెసేజ్ పెట్టాను. ఆవిడ "ఓకే, గుడ్" అని ఊరుకుంది. గంట పోయాక చూస్తే నిజంగానే డౌన్, పైగా "బాగానే ఉందని నువ్వే కదా అన్నావు" అని నా మీదికే వచ్చింది. అక్కడ సస్పెక్ట్ అనాలట. డిక్షనరీలో చూస్తే రెండిటికీ అనుమానించు అనే ఉంది, ఎవరైనా కాస్త విడమరిచి చెప్పండి.

జవాబు 1:
ఆవిడ తప్పేం లేదండి. ఐ డౌట్ అంటే అలా అయ్యుండదులే అని, ఐ సస్పెక్ట్ అంటే అలాగే అయ్యుంటుందని. అంటే సర్వర్ బాగానే ఉండి ఉంటుందని మీరే రాసి పంపారు! మన అనుమానం రెండు వైపులా పనిచేస్తుంది, ఈ తిప్పలన్నీ అందుకే. "వాడు రావడం అనుమానమే" అంటే రాడని, "వాడే తీశాడని నా అనుమానం" అంటే తీశాడని. మొదటిది డౌట్, రెండోది సస్పెక్ట్. తమాషా ఏంటంటే "వస్తాడా?" అని అడిగితే "డౌటే" అంటాం చూడండి, అక్కడ మాత్రం ఇంగ్లీషువాళ్ళ లెక్కలోనే వాడుతున్నాం.

జవాబు 2:
మనుషుల విషయంలో ఇంకా జాగ్రత్త. ఐ డౌట్ హిమ్ అంటే అతని మాట మీద నమ్మకం లేదని, ఐ సస్పెక్ట్ హిమ్ అంటే ఆ పని చేసింది అతనేనేమో అని. అనుమానితుణ్ణి కూడా సస్పెక్ట్ అనే అంటారు, కాకపోతే అప్పుడు "సస్" నొక్కి పలకాలి, క్రియ అయితే "పెక్ట్" నొక్కాలి. ఇక డౌట్‌లో పలకని ఆ బి ఉంది చూశారూ, అది లాటిన్ మూలాన్ని చూసి తర్వాతెప్పుడో స్పెల్లింగులో ఇరికించింది.

అడిగినవారు:
మరి క్లాసులో "సర్, ఒక డౌట్" అంటాం, అదీ తప్పేనా?

జవాబు 1:
మనలో మనకి పర్లేదు. బయటివాళ్ళతో మాత్రం క్వశ్చన్ అనండి, లేకపోతే మీరు చెప్పింది నమ్మడం లేదు అన్నట్టు వినిపించొచ్చు.

జవాబు 3:
ఆ మెసేజ్ స్కాట్లండ్ వాళ్ళకి పెట్టి ఉంటే బతికిపోయేవారేమో. అక్కడి వాడుకలో "ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్" అంటే వాన పడేలా ఉందనే అర్థం, ఒకప్పుడు ఇంగ్లండులోనూ అలా అనేవాళ్ళు. మీరు పుట్టాల్సిన కాలం అది.