‘జుచిలి’ అంటే ‘వదిలారు’ అనొచ్చా? నోవా హూతాలో ట్రబాంట్ కారెక్కితే దొరికిన మాట

అందరికీ నమస్కారం. ఒక పోలిష్ మాట గురించి అడగాలి, కానీ అది నాకెక్కడ తగిలిందో ముందు చెప్తే గానీ అర్థం కాదు, అందుకని పోస్టు కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

మా అబ్బాయి పోలాండ్‌లో క్రాకోలో చదువుతున్నాడు. వాణ్ణి చూడ్డానికెళ్ళి కోట, పాత ఊరు అన్నీ తిరిగాక "అమ్మా, ఇంకో క్రాకో ఉంది, అది చూపిస్తా పద" అని ఒక పాత ట్రబాంట్ కారు మాట్లాడాడు. కమ్యూనిస్టుల కాలం నాటి ఊరిని ఆ కాలం కారులోనే తిప్పి చూపిస్తారన్నమాట. తూర్పు జర్మనీ వాళ్ళు 1957 నుంచి 1991 దాకా దాదాపు 30 లక్షల ట్రబాంట్లు చేశారట. పైన తొడుగు రేకు కాదు, పత్తి వ్యర్థాన్ని రెసిన్‌తో కలిపి నొక్కి గట్టిపరిచిన ప్లాస్టిక్. డ్రైవరుగారు బానెట్ ఎత్తి పెట్రోల్ ట్యాంకులో ఒక పుల్ల ముంచి ఎంతుందో చూసుకున్నారు, ఎందుకంటే దానికి పెట్రోల్ మీటరు లేదు. టూ స్ట్రోక్ ఇంజన్, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. స్టార్ట్ చేయగానే వచ్చిన ఆ పొగ వాసన అచ్చం మా నాన్నగారి పాత బజాజ్ స్కూటర్ వాసన, ఒక్క క్షణం నాకు గొంతు పట్టేసింది.

పేరు సంగతి కూడా చెప్పాలి, మనది మాటల గ్రూపు కదా. ట్రబాంట్ అంటే జర్మన్‌లో వెంట నడిచేవాడు, ఉపగ్రహానికీ అదే మాట. స్పుత్నిక్ ఎగిరింది 1957లోనే, రష్యన్‌లో స్పుత్నిక్ అన్నా తోడు ప్రయాణికుడే. పోలాండ్ వాళ్ళు మాత్రం ఈ కారుని సబ్బుపెట్టె అనేవాళ్ళట.

మా వాడు చూపిస్తానన్న ఆ ఇంకో క్రాకో పేరు నోవా హూతా, అంటే కొత్త హూతా. హూతా అంటే లోహాన్ని కరిగించే కర్మాగారం, గాజు కర్మాగారాన్నీ హూతా అనే అంటారు. 1949లో మంచి నల్లరేగడి పొలాల మీద ఈ ఊరు కట్టడం మొదలుపెట్టారు, 1951లో క్రాకోలో కలిపారు, 1954లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది, ఫ్యాక్టరీకి లెనిన్ పేరు పెట్టారు. గుడి లేని ఊరు కట్టాలనుకున్నారు, జనం 1960లో శిలువ కోసం పోలీసులతో తలపడ్డారు, చివరికి 1977లో చర్చి వచ్చింది. గులాబీల వీధిలో 1973లో పెట్టిన లెనిన్ విగ్రహాన్ని 1989లో తీసేశారు. ఇప్పుడు నడిమి చౌకుకి అమెరికా అధ్యక్షుడు రీగన్ పేరుంది, లెనిన్ వీధేమో సాలిడారిటీ (కమ్యూనిస్టు సర్కారుని ఎదిరించిన కార్మిక సంఘం) వీధైంది.

ఇక అసలు మాట. ఆ చౌకు చుట్టూ పెద్ద పెద్ద భవనాలు, కింద స్తంభాల వరండాలో దుకాణాలు. డ్రైవరుగారు కారాపి "మా అమ్మ ఈ స్తంభాల కింద నా చిన్నప్పుడు గంటలు గంటలు నిలబడేది" అన్నారు. పోలాండ్‌లో 1976లో పంచదారకి రేషన్ కార్డులు పెట్టారు, 1981లో మాంసానికి పెట్టారు, మాంసం కార్డులు 1989 దాకా పోలేదు. కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన సరుకు ఉన్నట్టు కాదు కదా. వీధిలో ఎవరో ఒకరు "జుచిలి!" అని అరిచేవాళ్ళట, అంతే, ఏం సరుకు అని కూడా అడక్కుండా పరిగెత్తుకెళ్ళి వరసలో నిలబడి, తర్వాత ముందున్నామెని "ఏమిస్తున్నారు?" అని అడిగేవాళ్ళట. (ఆ ‘జు’ మన జు కాదు, ఇంగ్లీషులో మెజర్ అన్నప్పుడు మధ్యలో వచ్చే ధ్వని.) మా వాడు అనువాదం చేస్తూ "జుచిలి అంటే విసిరారు అని అమ్మా, కానీ అర్థం అది కాదు, షాపులోకి సరుకు వచ్చిందని" అని నసుగుతున్నాడు. నా నోటి నుంచి ఠక్కున వచ్చేసింది, "వదిలారు!"

నీళ్ళు వదిలారు. కుళాయి వదిలారు. డిపోలో కిరసనాయిలు వదిలారు. ఎవరు వదిలారు? మనం చెప్పం, చెప్పాల్సిన అవసరం కూడా రాదు. జుచిలి కూడా అంతేనట, వాక్యంలో కర్త ఉండదు, క్రియ చివర బహువచనం మాత్రం ఉంటుంది, ఆ ‘వాళ్ళు’ ఎవరో అందరికీ తెలుసు. అసలు పోలిష్‌లో ‘వాళ్ళు’ అన్న ఒక్క మాటకే సర్కారు అని అర్థం వచ్చేసిందట ఆ రోజుల్లో. నా ప్రశ్న ఇదీ: జుచిలికి ‘వదిలారు’ సరైన తెలుగేనా, ఇంతకంటే దగ్గర మాట మీ ఊళ్ళల్లో ఉందా?

తణుకు మేస్టారు:
అమ్మా, మంచి మాట పట్టుకున్నారు. అయితే వదలడానికీ విసరడానికీ తేడా ఉంది చూడండి. మాది డెల్టా, మాకు ‘వదిలారు’ అంటే ముందు కాలవే గుర్తొస్తుంది. ధవళేశ్వరం నుంచి కాలవ వదిలారు, వేసవిలో కాలవ కట్టేశారు. వదలాలంటే ముందు ఎవడో పట్టుకుని ఉండాలి, తలుపు దించి ఆపి ఉండాలి. కాబట్టి మన మాటలో ఉన్నది ఆపినవాడి చెయ్యి. వాళ్ళ మాటలో ఉన్నది ఎత్తు మీద నిలబడి గుంపులోకి విసిరేవాడి చెయ్యి. రెండూ ఒకటి కావనే నా అభిప్రాయం.

వరంగల్ అక్క:
మా దిక్కు నల్లా ఇడిసిండ్రు అంటం, అదీ మీ వదిలారే. గని కంట్రోల్ షాపుల ఇడిసిండ్రు అనం, కంట్రోల్ బియ్యం వచ్చినయ్, గ్యాస్‌నూనె పోస్తున్నరు అంటం. మీరు విసిరిండ్రు అనే అర్థం అడిగితే నాకు కొట్టిన మాట ‘ఏసిండ్రు’. పించిన్ ఏసిండ్రా? ఇంక ఎయ్యలే. అకౌంట్ల పైసలు ఏసిండ్రు. ఏసుడు అంటే విసురుడే గద, రాయి ఏసుడు, వల ఏసుడు. ఎంతైన సర్కార్ ఏస్తది, మనకు పడ్తది. పడ్డయా అక్కా నీకు? పడ్డయ్. ఇగ ఇండ్ల ఏసినోడు సుత మాయమైండు చూడుండ్రి, పైసలు వాటంతట అవే పైనుంచి పడ్డట్టు.

పోస్టు రాసినామె మళ్ళీ:
అక్కా, మీరు చెప్పింది చదివి నేను వంటింట్లో అలాగే నిలబడిపోయాను. వేయడం అంటే విసరడమే కదా, ఎన్నాళ్ళనుంచో నోట్లో నానుతున్న మాట, ఇలా ఎప్పుడూ చూడలేదు. గేదెకి గడ్డి వేశాం, కోళ్ళకి గింజలు వేశాం, బిచ్చం వేశాం. జీతం పడింది, పెన్షన్ పడింది. మేస్టారూ, మీ తేడా కూడా ఒప్పుకుంటున్నా, వదలడంలో తూము ఉంది, వేయడంలో విసురు ఉంది, జుచిలికి ‘వేశారు’ మాటకి మాట దగ్గర. కానీ వాడే సందర్భం మాత్రం నాకింకా ‘వదిలారు’లోనే వినిపిస్తోంది, ఎందుకంటే జుచిలి అని అరిస్తే జనం పరిగెత్తాలి, పెన్షన్ వేశారంటే ఎవరూ వీధిలోకి పరిగెత్తరు కదా.

గాజువాక తమ్ముడు:
మేడమ్, నేను ఉక్కునగరంలో పెరిగాను, మాదీ సోవియట్ సాయంతో కట్టిన ప్లాంటే, అందుకే నోవా హూతా అనగానే ఆగి చదివాను. హూతాకి మీరు లోహం కరిగించే కర్మాగారం అని పొడుగ్గా రాశారు, మనకి ఒక్క మాట లేదా? మేం ప్లాంట్ అనేసేవాళ్ళం, నాన్న ప్లాంట్‌కెళ్ళారు అంతే. రాసేటప్పుడు మాత్రం కొత్త ఉక్కు అంటే చాలేమో, ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్నప్పుడు ఉక్కు అంటే లోహం కాదు కదా, కర్మాగారమే.

పోస్టు రాసినామె:
తమ్ముడూ, భలే చెప్పావు, ఉక్కు అన్నమాట కర్మాగారంగా మారడం ఆ నినాదంలోనే జరిగింది నిజమే. కొత్త ఉక్కు, నాకు నచ్చింది. మీకు నచ్చే విషయం ఇంకొకటి, అక్కడ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆఫీసు భవనాలు రెండు కోటల్లా ఉంటాయి, జనం వాటిని వాటికన్ అనీ వెనిస్ పాలకుల ప్యాలెస్ అనీ పిలుచుకుంటారు. లెనిన్ పేరున్న ఫ్యాక్టరీకి వాటికన్!

బెంగుళూరు నుంచి ఒకరు:
క్షమించాలి, నాకు ఇదంతా కొంచెం ఎక్కువ ఊహించుకోవడంలా ఉంది. కర్త లేని బహువచనం ప్రతి భాషలోనూ ఉంటుంది. కరెంటు తీశారు, రోడ్డు తవ్వారు, పక్కింట్లో దొంగలు పడితే తలుపు పగలగొట్టారు అంటాం. అందులో కమ్యూనిజం ఏముంది, కరువేముంది? పైగా మన -ఆరు గౌరవానికి కూడా వస్తుంది, బహువచనమే అని ఎలా అంటారు?

పోస్టు రాసినామె:
మీ అభ్యంతరం న్యాయమైందే అండీ, నేనూ ఆలోచించాను. కర్త లేకపోవడం ఒక్కటే అయితే విశేషం లేదు. కానీ ఏ సరుకుకి ఏ క్రియ వాడతామో చూడండి. బజార్లోకి మామిడికాయలు వచ్చాయి అంటాం, మామిడికాయలు వదిలారు అని ఎవరూ అనరు. కొత్త ఫోను మార్కెట్లోకి వచ్చింది అంటాం. కానీ నీళ్ళు వదిలారు, ఉద్యోగాల నోటిఫికేషన్ వదిలారు, తిరుమల దర్శనం టికెట్లు వదిలారు, త్వరగా లాగిన్ అవ్వు! కొరతగా ఉండి, ఒకే చేతిలో ఉండి, ఆ చెయ్యి ఎప్పుడు తెరుచుకుంటుందో మనకి తెలియని వాటికే ‘వదిలారు’ వస్తోంది. మీరే ఒక మినహాయింపు చెప్పండి, నేను ఆనందంగా నేర్చుకుంటాను (ట్రైలర్ వదిలారు అంటారనుకోండి, అక్కడా జనం ఎదురుచూస్తూ ఉంటారు, చెయ్యి ఒకటే). పోలిష్‌లో కూడా అంతేనట, పల్లెటూరి రైతు బుట్టలో తెచ్చి అమ్ముకునే గుడ్లకి జుచిలి అనరు, సర్కారు దుకాణానికే.

గౌరవం సంగతి బాగా గుర్తుచేశారు. మనకి మీరు అన్నది ఎంత సహజమో పోలిష్‌వాళ్ళకి అంత కాదు. వాళ్ళు గౌరవించాలంటే అయ్యగారు వస్తారా, అమ్మగారు తింటారా అని ప్రథమ పురుషలో మాట్లాడతారు. పార్టీవాళ్ళు రష్యన్ పద్ధతిలో కామ్రేడ్ అని పిలిచి ‘మీరు’ అనడం తెచ్చిపెట్టారు, అది సామాన్యుల చెవికి అతకలేదు. కాబట్టి జుచిలిలో బహువచనం గౌరవానికి కాదు. మన వదిలారులో గౌరవం ఉందా అంటే, నాకైతే లేదు. కాకపోతే ఇది నా చెవి మాత్రమే.

వరంగల్ అక్క:
మీకింకో ముచ్చట. ఆ కాలంల కొన్న అనకపోతుండె గద, దొరికింది అంటుండె. స్కూటర్ దొరికింది, గ్యాస్ కనెక్షన్ దొరికింది. పోలండోళ్ళకు ఏం మాటుండె?

పోస్టు రాసినామె:
అక్కా, సరిగ్గా ఆ మాటే డ్రైవరుగారు రెండోసారి కారాపి చెప్పారు, పాల హోటల్ ముందు (అంటే సర్కారు సాయంతో చవగ్గా భోజనం పెట్టే హోటళ్ళు, ఇప్పటికీ ఉన్నాయి, మేం అక్కడే తిన్నాం, బంగాళాదుంప కూరిన కుడుముల్లాంటివి). వాళ్ళ మాట ‘జవాత్విచ్’. పని పూర్తి చేయడం అని నిఘంటువు అర్థం, కానీ తెలిసినవాళ్ళ ద్వారానో, ఇచ్చిపుచ్చుకునో సరుకు సంపాదించడం అని వాడుక. వాళ్ళ నాన్న టైర్లు కొనలేదు, జవాత్విచ్ చేశారు. మా గుంటూరులో "ఎక్కడ పట్టావురా?" అనేవాళ్ళం. సిమెంటు పట్టాడు, సిలిండర్ పట్టాడు. దొరికింది అంటే అదృష్టం, పట్టాడు అంటే తిరిగిన కాళ్ళు. వాళ్ళకి వరసలో మనిషి బదులు నిలబడి డబ్బు తీసుకునేవాళ్ళకి కూడా ఒక పేరుంది, వరస లిస్టు రాసి రోజూ హాజరు పిలిచే కమిటీలు కూడా ఉండేవట. మనం డిపో ముందు సంచి పెట్టి, చెప్పులు పెట్టి, ఏదీ లేకపోతే రాయి పెట్టి వెళ్ళేవాళ్ళం, ఆ రాయిని ఎవరూ కదిపేవాళ్ళు కాదు, నాకు బాగా గుర్తు.

తణుకు మేస్టారు:
పట్టడం! తల్లీ, వదలడానికి జంట మాట అదే కదా. వాళ్ళు పట్టి ఉంచారు, వదిలారు, మనం పట్టాం. ఇక నేను ‘వదిలారు’కే ఓటు.

పోస్టు రాసినామె, మర్నాడు:
నిన్న రాత్రి మా అమ్మకి ఫోన్ చేసి ఈ చర్చంతా చదివి వినిపించాను. ఎనభై దాటింది, మాట మాత్రం స్పష్టం. అంతా విని, "వదిలారు అని మేమెప్పుడన్నామే? వదిలారంట అనేవాళ్ళం" అంది. ఎవరూ కళ్ళతో చూసి చెప్పింది లేదు, పక్కింటామె చెప్తే వెనకింటామె, "పంచదార వదిలారంట, పద పద", వెళ్ళి చూస్తే ఒక్కోసారి తాళం వేసి ఉండేదట. వెంటనే మా వాడికి మెసేజ్ పెట్టా, ఆ డ్రైవరుగారి నంబరు ఉందిగా, జుచిలికి ముందు ఏదైనా మాట ఉండేదా అడుగు అని. పొద్దున్నే జవాబొచ్చింది, ఉండేదట, ‘పొదోబ్నో జుచిలి’. పొదోబ్నో అంటే అనుకుంటున్నారు, అట అని.