కారు లేకుండా సెలే లోయ (నైరుతి ఫ్రాన్స్): నాలుగు రోజుల గుహలు, కాలిబాటల ప్లాన్ సరిచూడగలరా?

తుంగభద్ర తీరం

అందరికీ నమస్తే. మే చివర్లో నాలుగు రోజులు కెర్సీ ప్రాంతంలో నడవాలని ప్లాన్. ఇద్దరు పెద్దవాళ్లం, పదకొండేళ్ల పాప. కారు తీసుకోవట్లేదు. పారిస్ నుంచి రైల్లో ఫిజాక్ దిగి, జీఆర్ 651 (ఫ్రాన్స్‌లో నంబర్లు వేసిన దూర నడక బాటల్లో ఒకటి) మీద సెలే నది వెంట కాఓర్ దాకా నడక. దారిలో ఎస్పాన్యాక్, మార్సియాక్ మఠాలు, ఆదిమానవుల బొమ్మలున్న పెష్ మెర్ల్ గుహ, సాం సిర్ లాపోపీ అనే ఊరు. కుదిరితే రోకామదూర్, పదిరాక్ అగాధం కూడా.

తెలియాల్సినవి ఇవి. ఈ దూరం నాలుగు రోజుల్లో అయ్యే పనేనా? గుహ టికెట్ ముందే తీసుకోవాలా, అక్కడ దొరుకుతుందా? దారిలో తాగునీళ్లు ఎక్కడ? మేం మాంసం, చేప, గుడ్డు తినం. పల్లెల్లో ఏం దొరుకుతుంది? బాట గుర్తులు చూసుకుంటూ పోతే సరిపోతుందా, మ్యాప్ కావాలా?

రాతిబాట

ముందు దూరం సంగతి. ఫిజాక్ నుంచి సెలే లోయ మీదుగా కాఓర్ 90 కిలోమీటర్ల పైమాటే. అలవాటైన పెద్దవాళ్లే దీనికి ఐదు రోజులు తీసుకుంటారు. అక్కడి దారి బోర్డుల మీద వేసే సమయాలు గంటకు 4 కిలోమీటర్ల లెక్కన ఉంటాయి. పాపతో రాళ్ల బాట మీద 3 వేసుకోండి, ప్రతి 300 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట కలపండి. అలా చూస్తే రోజుకి 10 నుంచి 12 కిలోమీటర్లు న్యాయమైన లెక్క. రోకామదూర్, పదిరాక్ ఈ ట్రిప్పులోంచి తీసేయండి. అవి బాగా ఉత్తరాన ఉన్నాయి. రోకామదూర్ స్టేషన్ ఊరికి దాదాపు 4 కిలోమీటర్లు, పదిరాక్ ఇంకా దూరం. కారు లేకపోతే ఆ రెండింటికే రోజున్నర పోతుంది.

ప్లాన్ తిరగేయమంటాను. ఫిజాక్ వదిలేసి కాఓర్‌లో దిగండి. పారిస్ ఓస్తెర్లిట్జ్ స్టేషన్ నుంచి నేరుగా రైలు ఉంది, ఐదు గంటలకు పైగా పడుతుంది. ఆ సాయంత్రం వాలాంత్రే వంతెన చూడండి. 1308లో మొదలుపెట్టిన కట్టడం, మూడు బురుజులు. మధ్య బురుజు పైమూలన రాయి పీకుతున్న చిన్న సైతాను బొమ్మ ఉంటుంది, పాపని వెతకమనండి. ఆ బొమ్మ మధ్యయుగాలది కాదు, 1879 మరమ్మతుల్లో వాస్తుశిల్పి పోల్ గూ పెట్టించింది.

రెండో రోజు పొద్దున కాఓర్–ఫిజాక్ బస్సెక్కి బూజియెస్ దగ్గర దిగండి. బస్సు లోత్ నది కుడిగట్టు రోడ్డు మీద పోతుంది, ఊరు ఎడమగట్టున ఉంది, వంతెన దాటాలి. అక్కడి నుంచి సాం సిర్ దాకా నాలుగైదు కిలోమీటర్లు. మొదట్లోనే కొండ అంచుని తొలిచి వేసిన బాట వస్తుంది. 19వ శతాబ్దంలో సరుకు పడవల్ని గట్టు మీద నుంచి తాళ్లతో లాగేవాళ్ల కోసం తొలిచింది. తల మీద రాతి కప్పు, పక్కనే నీళ్లు. అక్కడ గోడ మీద చేపలు, గవ్వల చెక్కడం కనిపిస్తుంది. చాలామంది అదీ పురాతనమే అనుకుంటారు, 20వ శతాబ్దంలో డానియెల్ మోనియే అనే శిల్పి చెక్కింది. వాన పడితే ఈ సున్నపురాయి నూనె రాసినట్టు జారుతుంది, అడుగున గాడులున్న బూట్లే వేయండి. రాళ్లు రాలే ప్రమాదం ఉన్నప్పుడు ఈ బాట మూసేస్తుంటారు. ముందురోజు పర్యాటక కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కోండి. చివర్లో నది నుంచి ఊళ్లోకి నిటారు ఎక్కుడు, కాబట్టి నీళ్లన్నీ కిందే తాగేయొద్దు.

మూడో రోజు అదే బాటన బూజియెస్ వెనక్కి వచ్చి, కొండ దాటి గుహ కింద ఉన్న కాబ్రెరె ఊరు. మొత్తం 10 కిలోమీటర్లు కాస్త అటూ ఇటూ. నాలుగో రోజు పొద్దున్నే పెష్ మెర్ల్, మధ్యాహ్నం కోందుషే దాకా నడిచి కాఓర్ బస్సు. కాబ్రెరె నుంచి కోందుషేకి లోయ రోడ్డు ఇరుకు. ఫ్రాన్స్‌లో బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి ఎదురొచ్చేవి కనపడేలా మీరు ఎడమ అంచున నడవాలి. మన అలవాటు ప్రకారం కాళ్లు కుడివైపే లాగుతాయి, పాపకి ముందే చెప్పండి.

బస్సు టైములు చూసేటప్పుడు ఆదివారం, సెలవురోజు వరుసలు విడిగా చదవండి. అసెన్షన్, పెంతెకోస్తు అనే క్రైస్తవ పండుగల సెలవులు ఎక్కువగా మేలో, కొన్నేళ్లు జూన్‌లో పడతాయి. ఆ వారాంతాల్లో బస్సులు తగ్గుతాయి, గదులు మాత్రం నిండిపోతాయి.

సున్నపురాయి

నీళ్ల ప్రశ్న అందరూ చివర్లో అడుగుతారు. అసలు అక్కడ రోజు ఎలా గడుస్తుందో తేల్చేది అదే. కోస్ అని పిలిచే ఆ పీఠభూమి మొత్తం సున్నపురాయి. వాన పడ్డ నీరు నిమిషాల్లో పగుళ్లలోకి దిగిపోతుంది. కింద గుహలు ఏర్పడింది అందుకే, పైన వాగు కూడా లేనిది అందుకే. లోయలో సెలే నది ఎంత నిండుగా ఉన్నా, బాట 150 మీటర్లు పైకెక్కిందంటే మళ్లీ ఊరొచ్చేదాకా చుక్క దొరకదు. నాలుగైదు గంటల నడకకి పెద్దవాళ్లకి మనిషికి 2 లీటర్లు, ఎండ ముదిరితే 3, పాపకి లీటరున్నర.

నింపుకునే చోటు ఊరి శ్మశానం. ఫ్రాన్స్‌లో దాదాపు ప్రతి ఊరి శ్మశానం గేటు దగ్గరా పూలకుండీల కోసం కుళాయి ఉంటుంది. మనకి మనసొప్పకపోవచ్చు గానీ, అక్కడ నడిచేవాళ్లందరికీ అలవాటే. కుళాయి మీద ‘ఓ నొఁ పొతాబ్ల్’ అని రాసి ఉంటే తాగకూడదు, ‘ఓ పొతాబ్ల్’ అంటే తాగొచ్చు. నది నీళ్లు, ఊరి తొట్లలో నిలవ నీళ్లు వద్దు.

ఇక గుహ. పెష్ మెర్ల్‌లోకి రోజుకి 700 మందినే పంపుతారు. మనుషుల ఊపిరి, ఒంటి వేడి వల్ల గోడల మీద తేమ మారి బొమ్మలు పాడవుతాయి, ఆ లెక్క అందుకే. ఇలాంటి బొమ్మలే ఉన్న లాస్కో గుహని 1948లో తెరిచి 1963లో మూసేయాల్సి వచ్చింది ఈ కారణంగానే, ఇప్పుడు అక్కడ చూపించేది నకలు. పెష్ మెర్ల్‌లో చూసేవి అసలు బొమ్మలు. టికెట్ తప్పకుండా ముందే కొనండి, గది బుక్ చేయకముందే కొనండి. టికెట్ మీద ఉన్న గంటకి గైడు బృందాన్ని తీసుకుని లోపలికి వెళ్లిపోతాడు, ఆలస్యమైతే ఆ బృందం పోయినట్టే. కాబ్రెరె ఊరు నది పక్కన, గుహ కొండ మీద. అడ్డదారిన నిటారుగా ఎక్కాలి, పాపతో గంట ముందు బయల్దేరండి.

లోపల ఏడాది పొడవునా 12 డిగ్రీలు. గుహ చలి ఆ ప్రాంతపు ఏడాది సగటు వేడిమికి దగ్గరగా ఉంటుంది. మన బెలూంలో ఉక్కపోసేదీ, ఇక్కడ వణికించేదీ ఒకే సూత్రం. కొండెక్కి చెమటతో తడిసిన చొక్కాతో దిగితే పది నిమిషాల్లో పళ్లు కొట్టుకుంటాయి. పొడి బనియను, స్వెటరు సంచిలో పైనే పెట్టుకుని గుమ్మం దగ్గర మార్చుకోండి. ఫోటోలు తీయనివ్వరు.

గోడ మీద ఒంటినిండా చుక్కలతో గీసిన రెండు గుర్రాలున్నాయి, అక్కడ గైడు దీపం వేసినప్పుడు కుడివైపు గుర్రం తల చూడండి. ఆ రాతి అంచే గుర్రం తల ఆకారంలో విరిగి ఉంది. గీసిన తల ఆ అంచు లోపల చాలా చిన్నగా ఉంటుంది. గీసినవాడు ముందు రాయిలో గుర్రాన్ని చూశాడన్నమాట. చుక్కల్లో చాలావాటికి అంచు మసకగా కనపడుతుంది, రంగుని నోటితో ఊదితే వచ్చే అంచు అది. దాదాపు 29,000 ఏళ్ల కిందటి పని. చుట్టూ చేతుల అచ్చులు కూడా ఉన్నాయి, గోడకి చెయ్యి ఆనించి పైనుంచి రంగు ఊదినవి.

ఆకుకూర

తిండి గురించి. ఆ ప్రాంతం బాతుది. కూరగాయలే అనిపించే పళ్లెంలో కూడా బాతు ఉంటుంది. ‘సార్లాదేజ్’ బంగాళాదుంపలు బాతు కొవ్వులో వేయిస్తారు. ‘సలాద్ కెర్సినువాజ్’లో బాతు కందనకాయ ముక్కలు వేస్తారు. వేడి మేక చీజ్ సలాడ్‌లో ‘లార్దొఁ’ అనే పందిమాంసం ముక్కలు కలపడం మామూలు. సూపులకి కోడి రసం. ‘వెజిటేరియన్’ అని ఊరుకుంటే చేప పెట్టేవాళ్లున్నారు. కాగితం మీద ఇలా రాయించుకుని చూపించండి: ‘సాఁ వియాంద్, సాఁ పువాసొఁ, సాఁ ఉ, సాఁ గ్రెస్ ద కనార్’. మాంసం, చేప, గుడ్డు, బాతు కొవ్వు లేకుండా అని. రోకామదూర్ మేక చీజ్ పాలని విరగ్గొట్టేది సాధారణంగా పశువు కడుపులోంచి తీసిన పదార్థంతోనే. అది కూడా పాటించేవాళ్లయితే మానేయాలి.

అందుకే భోజనం పెట్టే బసకంటే వంటగది వాడుకోనిచ్చే గీత్ (నడిచేవాళ్లు దిగే చిన్న బస) చూడండి, ‘జెస్తియొఁ లిబ్ర్’ అని రాసి ఉంటుంది. కాఓర్‌లో బుధ, శని ఉదయాల్లో సంత. అక్కడే అక్రోట్లు, పళ్లు, కూరగాయలు కొనుక్కుని బస్సెక్కండి. బియ్యం, కందిపప్పు అరకిలో చొప్పున, పోపు సామాను చిన్న డబ్బాలో ఇంటి నుంచే తెచ్చుకుంటే రెండు రాత్రులు గడిచిపోతాయి. హోటళ్లలో మధ్యాహ్నం వంట 12 నుంచి 2 దాకే, మళ్లీ రాత్రి 7 తర్వాత. రెండున్నరకి ఊళ్లోకి చేరితే కాఫీ తప్ప ఏమీ ఇవ్వరు. రొట్టెల దుకాణం చాలా ఊళ్లలో సోమవారం మూస్తారు.

ఇంకొకటి, పిడుదులు. మేలో గడ్డి మోకాలెత్తు ఉంటుంది. ప్యాంటు కాళ్లు మేజోళ్లలో దోపండి, రాత్రి పాప మోకాళ్ల వెనక, చంకలు, చెవుల వెనక, తలలో వెతకండి. మందుల షాపులో ‘తీర్ తిక్’ అనే చిన్న కొక్కెం అమ్ముతారు, చర్మానికి ఆనించి తిప్పుతూ తీయాలి. నూనె పోయడం, కాల్చడం చేయొద్దు, పిడుదు తన కడుపులోది ఒంట్లోకి కక్కుతుంది. కుట్టిన చోట 3 నుంచి 30 రోజుల లోపు ఎర్రటి వలయం పెరుగుతూ కనిపిస్తే వెంటనే డాక్టరుకి చూపించాలి. అత్యవసరానికి 112.

తుంగభద్ర తీరం

చాలా థాంక్సండీ. రోకామదూర్ తీసేశాం. మార్సియాక్ వదలడం మాత్రం బాధగా ఉంది. ఒక రోజు పెంచితే కుదురుతుందా? రాతిబాట గారూ, గుర్తుల సంగతి కూడా చెప్పండి.

రాతిబాట

ఐదో రోజు ఉంటే కాబ్రెరెలో రెండు రాత్రులు ఉండి, పొద్దున టాక్సీలో మార్సియాక్ వెళ్లి నడుస్తూ వెనక్కి రండి. టాక్సీ ముందురోజే మాట్లాడుకోవాలి. 17 కిలోమీటర్లు పాపకి ఎక్కువే. సగం దారిలో సోలియాక్ దగ్గర ఆపి టాక్సీనే మళ్లీ రమ్మనొచ్చు. ఆ మఠం గుడి సగం పైకప్పు లేకుండా నిలబడి ఉంది, నూరేళ్ల యుద్ధంలో దెబ్బతిన్నాక ఆ సగం మళ్లీ కట్టలేదు. కప్పులేని భాగంలో నిలబడి, దక్షిణం వైపు పాత ద్వారం పైన చెక్కడం చూసి గాని రావద్దు.

గుర్తులు: తెల్ల గీత పైన, ఎర్ర గీత కింద ఉంటే జీఆర్ బాట. పసుపు గీత ఒక్కటే ఉంటే స్థానికంగా చుట్టి వచ్చే చిన్న బాట. రెండు రంగులు ఇంటూ గుర్తులా దాటుకుని ఉంటే ఆ దారి కాదు. చిక్కు ఎక్కడంటే, జీఆర్‌లన్నిటికీ అదే తెలుపు–ఎరుపు. బూజియెస్ దగ్గర 651, 36 రెండూ కలుస్తాయి. రంగు చూసి పోతే కాబ్రెరె బదులు కాఓర్ వైపు తేలతారు. నంబరు దారి బోర్డు మీదే ఉంటుంది, కలిసే చోట ఆగి చదవండి. పది నిమిషాలు నడిచినా గుర్తు కనపడకపోతే చివరి గుర్తు దాకా వెనక్కి రావడమే మంచిది.

కాబట్టి మ్యాప్ కావాలి. ఐజీఎన్ (ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ల 1:25,000 కాగితం మ్యాప్‌లో 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఫోన్లో కూడా ముందే దించుకోండి, లోయ అడుగున సిగ్నల్ ఉండదు. మ్యాప్‌లో ‘దోల్మెన్’ అని చాలాచోట్ల కనిపిస్తుంది. మన జానంపేట రాకాసిగుళ్ల లాంటివే, నిలువు రాళ్ల మీద అడ్డ బండ. వాటి మీదా, నాపరాళ్ల లాంటి పలకలు పేర్చి సున్నం లేకుండా కట్టిన గొర్రెల కాపరుల గుడిసెల మీదా పాపని ఎక్కనివ్వద్దు, ఒక్క రాయి కదిలితే కప్పంతా జారుతుంది. ‘గ్రొత్’ అని ఉంటే గుహ ఉందని అర్థం, జనానికి తెరిచి ఉందని కాదు. కంచె వేసిన ఓక్ తోటలు ట్రఫుల్ కోసం పెంచేవి, లోపలికి వెళ్లకూడదు. గొర్రెల గేటు తీసి ఉంటే తీసే, వేసి ఉంటే మళ్లీ వేసే వెళ్లాలి.

టికెట్ ఉదయం మొదటి బృందానికి తీసుకోండి. గుహ నుంచి కోందుషే దాకా దాదాపు 7 కిలోమీటర్లు, పాపతో రెండున్నర గంటలు. మధ్యాహ్నం బస్సు ఎన్నింటికో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి బుక్ చేయండి.