జులైలో రాక్‌పోర్ట్ చార్టర్: నాన్నకు స్పిన్నింగ్, నాకు ఫ్లై రాడ్, ఒకే బోటులో కుదురుతుందా?

సుగర్‌ల్యాండ్ శీను

అందరికీ నమస్కారం. జులై రెండో వారంలో టెక్సస్ తీరంలోని రాక్‌పోర్ట్ వైపు ఒక చార్టర్ (గైడుతో సహా అద్దె బోటు) బుక్ చేద్దామనుకుంటున్నాను. ఇద్దరమే, నేనూ మా నాన్నగారూ. నాన్న అమలాపురం దగ్గర కాలువల్లో చిన్నప్పటి నుంచీ గాలం వేసిన మనిషి. ఇక్కడికొచ్చాక ఇంట్లో తోచక టీవీ రిమోట్ అరగదీస్తున్నారు. నేను ఈమధ్యే ఎనిమిదో నంబరు ఫ్లై రాడ్ (బరువైన లైనును గాల్లో ఊపి, ఫ్లై అనే తేలికైన ఎరను విసిరేది) కొన్నాను. పార్కులో గడ్డి మీద ప్రాక్టీస్ నడుస్తోంది, ఉప్పునీటిలో ఇంకా వేయలేదు. ఆయనకు స్పిన్నింగ్ (మామూలు రీలు గాలం), నాకు ఫ్లై, ఒకే రోజులో అవుతుందా? ఎలాంటి బోటు అడగాలి? కూరకు చేపలు తేకపోతే ఇంట్లోకి రానివ్వనని అమ్మ ముందే చెప్పేసింది.

గాలం గోపి

అవుతుంది శీను గారూ. కాకపోతే ఇద్దరిలో ఒకరు రోజంతా కూర్చుని చూడాలి, అది తెలిసే బుక్ చేయండి.

ఫ్లై వాళ్లను తీసుకెళ్లేది ఫ్లాట్స్ స్కిఫ్. చిన్నది, ఎత్తు తక్కువ, మోకాలి లోతు నీళ్లలో కూడా తేలుతుంది. మోటారు ఆపేసి గైడు వెనక చిన్న మంచె మీద నిలబడి పొడవాటి గెడతో నెడతాడు. మీ నాన్నగారికి ఆ పని చూడగానే అర్థమైపోతుంది. ముందు కొసన నిలబడి వేసేది ఒక్కరే. రెండోవారు మధ్యలో కూర్చుంటారు, చప్పుడు చేయకూడదు. కంటికి కనబడిన చేపకే విసరాలి. గంటసేపు ఏమీ కనబడకపోవచ్చు. ఆ తర్వాత ఒక్కసారిగా "పదకొండు గంటల దిక్కు, నలభై అడుగులు" అంటాడు. అక్కడ నాచు మీద రాగి రంగు తోక ఒకటి నీళ్లలోంచి పైకి లేచి ఊగుతుంటుంది. రెడ్‌ఫిష్ తల కిందకి పెట్టి పీతల కోసం బురద తవ్వుతుంటే తోక అలా బయటికి వస్తుంది. తోక మొదట్లో నల్ల మచ్చ, అంచున లేత నీలం, రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. సరిగ్గా అప్పుడే చేతులు వణుకుతాయి, లైను కాళ్ల కింద చిక్కుకుంటుంది.

చేపలు ఇంటికి తెచ్చుకునే ట్రిప్పు వేరు. దానికి బే బోటు (స్కిఫ్ కన్నా కాస్త పెద్దది), బతికున్న రొయ్యలు, పాపింగ్ కార్క్. కార్క్ అంటే మన బెండే, లాగితే బుడుక్ మని చప్పుడు చేస్తుంది, అంతే తేడా. ఆ చప్పుడు విని చేప వస్తుంది. నాన్నగారికి పది నిమిషాల్లో అలవాటైపోతుంది.

నన్నడిగితే రెండు ట్రిప్పులు వేరువేరుగా పెట్టుకోండి. డబ్బు ఒకరోజుకే కుదిరితే నాన్నగారి ట్రిప్పే వేయండి.

డాలస్ బాబాయ్

గోపీ, నువ్వు మరీ కచ్చితంగా చెప్పేస్తున్నావు. కలిపి చేయించే గైడ్లు ఉన్నారు. తెల్లవారుజామున ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు నీళ్లలోకి ఎలాగూ సరిగా కనబడదు, ఫ్లైకి ఆ టైము వృథా. అప్పుడు పెద్దాయన చేత నీటి పైన తేలే టాప్‌వాటర్ ఎరో, కార్కో వేయించాలి. ఎండ పైకెక్కి నీటి అడుగు కనబడటం మొదలయ్యాక కుర్రాడు ఫ్లై రాడ్ పట్టుకోవచ్చు. మేం రెడ్‌ఫిష్ బేలో ఇలాగే చేశాం.

గాలం గోపి

బాబాయ్, లెక్క బాగానే ఉంది కానీ జులైలో ఆగ్నేయం గాలి సంగతి మర్చిపోతున్నారు. పొద్దున నెమ్మదిగా ఉంటుంది, మధ్యాహ్నానికి బలం పుంజుకుంటుంది. అక్కడ ఆటుపోట్లు చిన్నవి, నీళ్లను అటూ ఇటూ నెట్టేది చాలావరకు గాలే. అంటే ఫ్లై పట్టుకునే టైముకు గాలి ఎదురొస్తుంది. చేయి తిరిగినవాళ్లకు ఫర్వాలేదు, కొత్తవాళ్లకు ఫ్లై వచ్చి టోపీకి గుచ్చుకుంటుంది. శీను గారూ, గడ్డి మీద వేస్తున్నారుగా, గాలి ఉన్న రోజు వేస్తున్నారా?

సుగర్‌ల్యాండ్ శీను

నిజం చెప్పాలంటే గాలి లేనప్పుడు చూసుకుని వెళ్తున్నాను 😀

గాలం గోపి

ఇకనుంచి గాలున్న రోజే వెళ్లండి. గాలికి ఎదురు నిలబడి నలభై అడుగులు, గాల్లో రెండు ఊపులకు మించకుండా. ఎనభై అడుగులు వేసి చూపించాల్సిన పని లేదు. డబుల్ హాల్ (విసిరేటప్పుడు రెండో చేత్తో లైనును లాగి వేగం పెంచడం) వస్తే సగం టెన్షన్ పోయినట్టే.

ఇంకో ముఖ్యమైన సంగతి. చేప నోట పట్టగానే రాడ్ పైకి లేపొద్దు. ఏటి ట్రౌట్‌కు అలా చేస్తారు, ఇక్కడ చేస్తే ఫ్లై నోట్లోంచి ఊడి వచ్చేస్తుంది. రాడ్ కొన చేప వైపే ఉంచి, ఎడమ చేత్తో లైను గట్టిగా వెనక్కి లాగాలి. కొక్కెం దిగిందని తెలిశాక రాడ్ ఎత్తండి. కింద గుట్టలుగా పడున్న లైను వేళ్ల సందుల్లోంచి సర్రున పోతుంది, దాన్ని చూసుకోండి.

లీడర్ (లైను చివర కట్టే సన్న దారం) తొమ్మిది అడుగులు, దాని కొస 16 నుంచి 20 పౌండ్ల బలం. నాచుకు తగులుకోని బంగారు రంగు స్పూన్ ఫ్లై, రొయ్య, పీత నమూనాలు, చిన్న చేపలా కనిపించే క్లౌజర్లు ఒకటి రెండు ఉంటే చాలు. గైడు దగ్గర అన్నీ ఉంటాయి. దోమల మందులో డీట్ ఉంటే మాత్రం ఆ చేత్తో లైను ముట్టుకోవద్దు, ప్లాస్టిక్ పూత పాడైపోతుంది.

కేటీ కిరణ్

స్పిన్నింగ్ సామాను గురించి కూడా ఎవరైనా చెప్పండి. గైడు ఇస్తాడా, మనం తెచ్చుకోవాలా?

డాలస్ బాబాయ్

ఇస్తాడు. ఏడడుగుల మీడియం లైట్ రాడ్, 2500 సైజు రీలు, పది పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైను), చివర 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం. మోటు సామానుకు అలవాటైనవాళ్లకు ఇది తెగిపోతుందేమోనని భయం వేస్తుంది. తెగదు. డ్రాగ్ (రీలు బిగువు) కొంచెం వదులుగా పెట్టి చేపను పరుగెత్తనివ్వాలి. లోతు లేదు కాబట్టి కిందకు పోలేదు, పక్కకే పారిపోతుంది. రీలు కూత పెడుతుంటే హ్యాండిల్ తిప్పడం మానేసి ఊరికే పట్టుకుని నిలబడాలి. మనవాళ్లకు కష్టమైన పని అదే, గబగబా తిప్పేస్తారు.

అయితే తేలిక సామాను కదా అని చేపను అరగంట ఆడించకండి. ఎండాకాలం నీళ్లు వేడిగా ఉంటాయి, ప్రాణవాయువు తక్కువ. అలిసిపోయిన చేపను వదిలినా బతకదు. వదిలేసేదైతే నీళ్లలోనే కొక్కెం తీసేయండి.

కార్పస్ డాక్టరమ్మ

నాన్నగారికి షుగర్ ఉందా శీను? ఉంటే ఇది కాస్త శ్రద్ధగా చదవండి. వేసవిలో గోరువెచ్చని ఉప్పునీళ్లలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది. కాలి మీద పుండో, మానని గాయమో ఉన్నవాళ్లు నీళ్లలోకి దిగకూడదు. షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు అది చాలా వేగంగా ముదురుతుంది. చేపముల్లు గుచ్చుకున్నా వెంటనే మంచినీళ్లతో, సబ్బుతో కడగండి. వాపు, ఎరుపు, జ్వరం మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లి ఉప్పునీటి దగ్గర తగిలిందని చెప్పండి. బోటులో కూర్చుని పట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. దిగి నడిచే గైడైతే బూట్లు వేసుకుని పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడవాలి, స్టింగ్‌రేలు ఇసుకలో పడుకుని ఉంటాయి.

పిఠాపురం పిల్లోడు

ముల్లు అంటే గుర్తొచ్చింది. హార్డ్‌హెడ్ అని ఒక జెల్ల పడుతుంది, రొయ్య వేస్తే మొదట వచ్చేది అదే. మా మావయ్య మన ఊరి జెల్లే కదా అని చేత్తో పట్టబోతే గైడు కేకేశాడు. వీపు మీదా పక్కలా రంపం లాంటి ముళ్లు, విషం కూడా. గైడు చేతికే ఇచ్చేయండి.

సుగర్‌ల్యాండ్ శీను

షుగర్ ఉంది డాక్టర్ గారూ, మంచి మాట చెప్పారు. బోటు దిగనివ్వను. లైసెన్సు సంగతి ఏంటి? ఆయనకు 68. విజిటర్‌గా వచ్చారు, పెద్దవాళ్లకు అక్కర్లేదని ఎవరో అన్నారు.

కార్పస్ డాక్టరమ్మ

కావాలి. టెక్సస్‌లో 17 నిండినవాళ్లు చార్టర్ బోటు ఎక్కినా ఎవరి లైసెన్సు వాళ్లు తీసుకోవాల్సిందే, గైడు లైసెన్సు మీకు వర్తించదు. బయటినుంచి వచ్చినవాళ్లకు ఒకరోజు ఆల్-వాటర్ (మంచినీటికీ ఉప్పునీటికీ చెల్లేది) లైసెన్సు ఉంటుంది. మా అత్తగారికి సామాన్లమ్మే షాపులో పాస్‌పోర్టు చూపించి తీసుకున్నాం. బయల్దేరే ముందురోజే తీసుకోండి, పొద్దున ఐదింటికి కౌంటర్ కోసం వెతుక్కోవద్దు.

కేటీ కిరణ్

ఇద్దరికి ఎన్ని చేపలు తెచ్చుకోవచ్చు?

డాలస్ బాబాయ్

రెడ్‌ఫిష్ మనిషికి మూడు, 20 నుంచి 28 అంగుళాల మధ్య. స్పెకిల్డ్ ట్రౌట్ (ఏటి ట్రౌట్ కాదు, ఉప్పునీటిది) కూడా మూడే, 15 నుంచి 20. ట్రౌట్‌ది 2024 మార్చిలో తగ్గించారు, అంతకుముందు ఐదు. 2021 ఫిబ్రవరి చలికి టెక్సస్ తీరంలో దాదాపు 38 లక్షల చేపలు చచ్చిపోయాయి, అందులో ట్రౌట్‌కు గట్టి దెబ్బ తగిలింది. గైడు వాటా మీ లెక్కలో కలవదు. నా కోటా కూడా మీకిస్తానన్న గైడు ఒకడు మాకు తగిలాడు, అలాంటివాడి బోటు ఎక్కకండి. రూల్స్ ఏటా మారుతుంటాయి, వెళ్లేముందు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

పిఠాపురం పిల్లోడు

ఇప్పుడు అసలు విషయం, పులుసు. గైడ్లు డాక్ దగ్గర బల్ల మీద రెండు వైపులా ఫిల్లెట్ తీసి, తలా ముల్లూ నీళ్లలోకి విసిరేస్తారు. పెలికాన్లు వరసలో నిలబడి ఉంటాయి దానికోసమే. కాబట్టి కత్తి బయటికి తీయకముందే చెప్పండి, తలలు మాకు కావాలి, ముల్లుతో అడ్డంగా ముక్కలు కొట్టమని. మా గైడు ఓసారి నా మొహంలోకి చూసి, తలలు కవర్లో వేసి, ఎలా వండుతారో చెప్పమన్నాడు. అడ్డంగా కొట్టించుకునేటట్టయితే పొలుసు ముందే తీయించండి. రెడ్‌ఫిష్ పొలుసు మందం, ఇంటి చాకుకు లొంగదు. నిప్పుల మీద పెట్టుకునేదైతే పొలుసు తీయకుండా ఒక పక్క ఉంచేస్తే అడుగు మాడదు.

ట్రౌట్ కండలో ఒక్కోసారి తెల్లగా దారంలాంటి పురుగు కనిపిస్తుంది. అమ్మగారు చూస్తే చేపంతా పారేస్తారు. అది మనిషికి అంటుకునేది కాదు. తీసేసి బాగా ఉడికించండి. పులుసుకు మాత్రం రెడ్‌ఫిషే మేలు, ట్రౌట్ మెత్తన, గరిటె తగిలితే విడిపోతుంది. అదే వేపుడుకైతే ట్రౌట్.

ఇక్కడి రెడ్‌ఫిష్, ట్రౌట్ పట్టి అమ్మడం 1981 నుంచీ టెక్సస్‌లో నిషేధం. హోటళ్లలో పెట్టే రెడ్‌ఫిష్ ఎక్కువగా చెరువుల్లో పెంచిందే. బేలో పట్టింది తినాలంటే మనం పట్టుకోవాల్సిందే.

కేటీ కిరణ్

ఖర్చు ఎంతవుతుందో ఎవరూ చెప్పలేదు.

గాలం గోపి

గైడును బట్టి, బోటును బట్టి మారుతుంది. ఇద్దరికి రోజంతా అయితే 700 నుంచి 900 డాలర్ల దాకా అనుకోండి. టిప్పు 15 నుంచి 20 శాతం, చేపలు పడకపోయినా ఇవ్వాలి. గెడ నెట్టింది ఆయనే కదా. ఫోన్లో ముందే అడగాల్సినవి: బోటు మీద నీడ ఉందా, పెద్దాయన కూర్చోవడానికి వెనక ఆనుకునే సీటు ఉందా, ఉరుములొస్తే డబ్బు వెనక్కా లేక తేదీ మార్పా. స్కిఫ్‌లో నీడ ఉండదు, చాలాసార్లు సీటంటే ఐస్‌బాక్సే. 68 ఏళ్లాయన జులై ఎండలో ఎనిమిది గంటలు దాని మీద కూర్చోలేరు.

సుగర్‌ల్యాండ్ శీను

అందరికీ థాంక్స్. ఐస్‌బాక్స్ మాట విన్నాక తేల్చేశాను. మొదటిరోజు నాన్నతో బే బోటు, సగం రోజు, రొయ్యలూ కార్కూ. మర్నాడు నేనొక్కడినే స్కిఫ్ మీద. ఆరోజు నాన్నకూ అమ్మకూ పోర్ట్ అరాన్సస్‌లో టార్పన్ ఇన్ అనే పాత హోటల్ చూపిస్తానంది మా ఆవిడ. లాబీ గోడలనిండా సంతకాలు పెట్టిన టార్పన్ (పెద్ద సముద్రపు చేప) పొలుసులు ఉంటాయట.

డాలస్ బాబాయ్

ఉన్నాయి, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం కూడా ఉంది, 1937లో చేపలకు వచ్చినప్పటిది. సరే గానీ స్కిఫ్ రోజు ముందు పెట్టుకో, బే బోటు తర్వాత. చేపలు ఐస్‌లో వేసి అటునుంచి అటే ఇంటికి వచ్చేయొచ్చు. లేకపోతే తలలన్నీ హోటల్ గది ఫ్రిజ్‌లో పెట్టుకుని పడుకోవాలి.

సుగర్‌ల్యాండ్ శీను

ఆ ముక్క తట్టలేదు బాబాయ్. ఇప్పుడే ఇద్దరు గైడ్లకూ ఫోన్ చేసి తేదీలు అటుదిటు చేయిస్తాను.