రెండేళ్లుగా ఆకులే, పువ్వు లేదు: ఇంట్లో అమరిల్లిస్ పెంచేవాళ్లు కాస్త చెప్పండి

నేపర్‌విల్_పెరడు | జనవరి 14

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. మేం షికాగో దగ్గర ఉంటాం. మూడేళ్ల కిందట డిసెంబర్‌లో ఒక అమరిల్లిస్ డబ్బా కొన్నాను, లిల్లీలా పెద్ద పూలు పూసే దుంప మొక్క. అందులో ఒక దుంప, ప్లాస్టిక్ కుండీ, నీళ్లు పోస్తే ఉబ్బే కొబ్బరిపొట్టు బిళ్ల. రకం పేరు రెడ్ లయన్. ఏడు వారాలకు నాలుగు ఎర్రటి పూలు వచ్చాయి, ఒక్కోటి నా అరచేతికంటే పెద్దది. బయట మోకాలి లోతు మంచు, లోపల ఇది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించాను.

తర్వాత రెండు చలికాలాలు గడిచాయి. ఆకులు మాత్రం తోరణం కట్టుకోవచ్చు, అంత పొడుగు. పువ్వు జాడే లేదు. "ఒకసారి పూశాక పారేసి కొత్తది కొనుక్కోవడమే" అంటుంది పక్కింటావిడ. నాకేమో పారేయడానికి చేతులు రావడం లేదు. మళ్లీ పూయించిన వాళ్లు ఎవరైనా ఉన్నారా?

మంచు_కిటికీ | జనవరి 14

మినియాపోలిస్ నుంచి రాస్తున్నా. నా దగ్గర పదకొండు దుంపలున్నాయి, అన్నిటికంటే పాతదానికి తొమ్మిదేళ్లు. అన్నీ ఏటా పూస్తాయని అబద్ధం చెప్పను. చాలావరకు చాలాసార్లు పూస్తాయి.

ముందు ఇవి చెప్పండి. వేసవిలో కుండీ ఎక్కడ పెట్టారు? పూలు వాడాక ఆకులు కోశారా? ఇప్పుడెన్ని ఆకులున్నాయి? దుంప నొక్కితే గట్టిగా ఉందా?

నేపర్‌విల్_పెరడు | జనవరి 15

ఏడాది పొడవునా హాల్లో టీవీ పక్కనే, కిటికీకి ఏడెనిమిది అడుగుల దూరం. మొదటి ఏడు పూలు వాడగానే ఆకులు వేలాడుతున్నాయని మొత్తం కత్తిరించేశాను, నీట్‌గా ఉంటుందని. ఇప్పుడు మూడు ఆకులున్నాయి. దుంప గట్టిగానే ఉంది కానీ కొన్నప్పుడు పెద్ద బత్తాయంత ఉండేది, ఇప్పుడు నిమ్మకాయకంటే కాస్త పెద్దది. బాగా ఎదుగుతుందని పోయినేడాది పది అంగుళాల కుండీలోకి కూడా మార్చాను.

మంచు_కిటికీ | జనవరి 15

జవాబు మీరే రాసేశారు. దుంప చిక్కిపోయింది.

మీరు డబ్బా తెరిచేనాటికే ఆ నాలుగు పూలూ దుంప లోపల మొగ్గలుగా తయారై ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోనో దక్షిణాఫ్రికాలోనో దాన్ని పెంచిన రైతు పడ్డ కష్టం అది. మనం నీళ్లు పోశాం, అంతే. రెండో ఏటి నుంచి ఆ రైతు పని మనం చేయాలి. ఆకులు ఎండ తిని దుంపకు పెడితేనే లోపల వచ్చే ఏటి మొగ్గ కడుతుంది. సుమారు నాలుగు ఆకులు పుట్టాక ఒక పూకాడ చొప్పున లెక్క. ఉన్న ఆకులు కోసేసి, మిగిలిన మూడింటిని టీవీ వెలుతురులో పెడితే పాపం అదెక్కడి నుంచి తెస్తుంది?

ఇప్పటికి చేయాల్సింది ఒకటే, దక్షిణం వైపు కిటికీలో పెట్టండి. మే నెలలో రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ (10 సెల్సియస్) పైనే నిలబడ్డాక బయట పెట్టండి. మొదటి వారం నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో. నేరుగా ఎండలో పెడితే ఆకులు తెల్లగా కాలిపోతాయి, నాకు అనుభవమే. రెండు వారాలకోసారి ద్రవ ఎరువు, నత్రజని మరీ ఎక్కువ లేనిది. కుండీ కూడా మార్చండి. దుంప చుట్టూ ఒక అంగుళం ఖాళీ ఉంటే చాలు. పెద్ద కుండీలో మట్టి ఎన్నాళ్లకీ ఆరదు, వేళ్లు కుళ్లుతాయి. దుంపలో పైనున్న మూడో వంతు మట్టికి పైనే ఉండాలి. మెడ మీద నీళ్లు పోయకండి.

సెప్టెంబర్ మధ్యలో నీళ్లు ఆపేసి, మంచు కురవకముందే లోపలికి తెచ్చి, బేస్‌మెంట్‌లో 50 నుంచి 55 డిగ్రీల చలిలో ఎనిమిది, పది వారాలు పడుకోబెట్టాలి. ఆకులు వాటంతటవే పండి ఎండిపోతాయి.

కూకట్‌పల్లి_బాల్కనీ | జనవరి 15

మంచు కిటికీ గారూ, ఈ పడుకోబెట్టడం అవసరమా అండీ? మా అమ్మమ్మ వాళ్ల వాకిట్లో ఈ గడ్డలు ముప్పై ఏళ్లుగా ఉన్నాయి. ఎవరూ తవ్వరు, ఎవరూ బేస్‌మెంట్‌లో పెట్టరు, అసలు అటు చూడరు. ఏప్రిల్ వచ్చిందంటే ఎండకు మొత్తం ఊరు మాడిపోతుంటే ఇవి మంచిగ పూసుకుంటూ కూర్చుంటాయి. నా బాల్కనీలోవి కూడా అంతే. రెస్ట్ అనేది అమ్ముకునేవాళ్లు పెట్టిన టెన్షన్ అని నా అభిప్రాయం.

మంచు_కిటికీ | జనవరి 16

సగం ఒప్పుకుంటాను. రెస్ట్ లేకపోతే మొగ్గే కట్టదు అనేది తప్పు, మొగ్గ కట్టేది ఆకుల వల్ల. చలి, పొడి తగిలాక లోపల తయారైనది బయటికి రావడానికి కదులుతుంది, మనం అనుకున్న నెలలో పూస్తుంది. మీకు ఆ పని ఊరే చేసిపెడుతోంది. వానలు ఆగాక మట్టి పొడిగా ఉంటుంది, డిసెంబర్, జనవరిలో హైదరాబాదులో రాత్రులు 15 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి దిగుతాయి. మా ఇళ్లలో హీటర్ ఏడాదంతా ఒకే వాతావరణం పెడుతుంది. దుంపకి చలికాలం వచ్చిందని చెప్పేవాళ్లెవరు?

కూకట్‌పల్లి_బాల్కనీ | జనవరి 16

ఇది ఒప్పుకుంటా. నవంబర్ నుంచి నేను నీళ్లు తగ్గించేది నిజమే, బద్ధకంతో.

డల్లాస్_మామయ్య | జనవరి 18

డల్లాస్‌లో నేలలోనే ఉంచేస్తాం, ఏప్రిల్‌లో పూస్తాయి. అన్ని రకాలూ కాదు. జాన్సోనీ అని ఎర్ర రేకుల మీద తెల్ల చార ఉండే పాత రకం, ఇక్కడ సెయింట్ జోసెఫ్ లిల్లీ అంటారు. అదొక్కటి మా చలిని నమ్మకంగా తట్టుకుంటుంది. 1799 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో జాన్సన్ అనే గడియారాలు బాగుచేసే ఆయన రెండు జాతులను కలిపి పుట్టించాడట. ఈ పూలలో మనిషి చేతితో పుట్టిన మొదటి సంకరం ఇదేనంటారు. గడియారాల పనివాడికి ఓపిక ఉంటుంది మరి.

ఇంకో మాట. మనం అమరిల్లిస్ అనేదాని అసలు పేరు హిప్పియాస్ట్రం, పుట్టిల్లు దక్షిణ అమెరికా. నిజమైన అమరిల్లిస్ దక్షిణాఫ్రికాది, ఇంకో మొక్క. కొనేటప్పుడు ఆ పేరు కూడా చూడండి. మేలో మన ఊళ్లలో బంతిలాగా గుండ్రంగా పూసే ఎర్రటి మే పువ్వు కూడా వేరేదే. మొన్న మా గ్రూపులో ఒకాయన ఆ ఫొటో పెట్టి గంటసేపు వాదించాడు.

పులుసు_కాబోయింది | జనవరి 19

దుంపలు నిల్వ పెట్టేవాళ్లకు హెచ్చరిక. నేను ఎండిన ఆకులు తీసేసి నాలుగు దుంపలు కాగితం సంచిలో బేస్‌మెంట్ షెల్ఫ్ మీద పెట్టాను. పక్కనే ఉల్లిపాయల సంచి. ఇండియా నుంచి వచ్చిన అత్తగారు పులుసుకి ఉల్లిపాయలు తెస్తానని కిందికి వెళ్లి, "ఎంత లావుగా ఉన్నాయమ్మాయ్ ఇక్కడి ఉల్లిపాయలు" అంటూ రెండు పట్టుకొచ్చారు. ఒకటి తొక్క తీసి కత్తిపీట మీద పెట్టాక, వాసన రావడం లేదేమిటని నన్ను పిలిచారు కాబట్టి బతికిపోయాం. వీటిలో లైకోరిన్ అనే విషం ఉంటుంది. తింటే వాంతులు, విరేచనాలు. మొక్క మొత్తంలో దుంపలోనే ఎక్కువ. పిల్లులకి, కుక్కలకి ఇంకా ప్రమాదం. ఇప్పుడు నేను కుండీతో సహా పడుకోబెడుతున్నాను, సంచుల జోలికి పోను.

ఆ తొక్క తీసిన దుంపని కూడా నాటాను. పూసింది. అత్తగారు దాని ఫొటో వాళ్ల చెల్లెలికి పంపారు, కథ మాత్రం చెప్పలేదు.

విశాఖ_మేడమీద | జనవరి 22

మాకు చలి లేదు కదా అని నేను ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఆరు వారాలు పెట్టాను. తీసి నాటితే మొగ్గ గోధుమరంగులో ఎండిపోయి బయటికి వచ్చింది. ఎందుకంటారు?

మంచు_కిటికీ | జనవరి 22

అదే అరలో ఆపిల్స్ ఉన్నాయా?

విశాఖ_మేడమీద | జనవరి 22

ఉన్నాయి! ఎలా తెలుసు?

మంచు_కిటికీ | జనవరి 23

నేనూ చేశాను కాబట్టి. పండ్ల నుంచి ఎథిలీన్ వాయువు వస్తుంది, అది దుంపలో ఉన్న మొగ్గని చంపేస్తుంది. పైగా మామూలు ఫ్రిజ్ దీనికి మరీ చల్లన. మీకు ఫ్రిజ్ అక్కర్లేదు, రెండు నెలలు నీళ్లు ఆపి వాన పడని చోట పెట్టండి చాలు.

కూకట్‌పల్లి_బాల్కనీ | జనవరి 23

మన దగ్గర అసలు బెడద చలి కాదు, లద్దె పురుగు. వానాకాలంలో రాత్రికి రాత్రి ఆకుల్ని జల్లెడ చేస్తుంది. నల్ల ఒళ్లు, తెల్ల చుక్కలు, ఎర్ర మచ్చలు, చూడ్డానికి బాగానే ఉంటుంది దరిద్రం. లిల్లీ మాత్ అనే రెక్కల పురుగు పిల్లలవి. చిన్నగా ఉన్నప్పుడే ఆకు అడుగున గుంపుగా దొరుకుతాయి, చేత్తో ఏరేయడమే. వేపనూనె వారానికోసారి కొడతాను, పెద్దవైపోతే దానికి లొంగవు. ఆకుల మొదట్లో తెల్లగా పిండినల్లి పట్టిందేమో కూడా చూసుకోండి.

మైనం_మోసం | ఫిబ్రవరి 2

ఆఫీసులో గిఫ్ట్‌గా ఎర్ర మైనం పూసిన దుంప ఇచ్చారు. కుండీ లేదు, మట్టి లేదు, నీళ్లు పోయొద్దన్నారు. నిజంగానే బల్ల మీద కూర్చుని పూసింది, నేను అద్భుతం అనుకున్నాను. పూలు అయ్యాక మైనం వలిచి చూస్తే అడుగున వేళ్లు కోసేసి ఉన్నాయి, నిలబడడానికి తీగ గుచ్చి ఉంది. మట్టిలో పెట్టాను. నెలకి మెత్తబడి వాసనొచ్చింది. ఎవరిదైనా బతికిందా?

పులుసు_కాబోయింది | ఫిబ్రవరి 2

మూడింటిలో ఒకటి బతికింది నాకు. దుంప అడుగున వేళ్లు పుట్టే గట్టి చక్రం లాంటి భాగాన్ని చెక్కేయకుండా ఉంటేనే కొత్త వేళ్లు వస్తాయి. పూలు ఉండగానే మైనం తీసేయడం మంచిది.

గోదావరి_పిల్ల | మార్చి 3

మా అమ్మ మేలో వస్తోంది. కడియం నర్సరీల్లో డబుల్ రేకుల రకాలు దొరుకుతున్నాయంట, నాలుగు దుంపలు సూట్‌కేసులో పెట్టమననా?

డల్లాస్_మామయ్య | మార్చి 3

వద్దమ్మాయ్. నాటే దుంపలకి పురుగు, తెగులు లేవని ఇండియాలో ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి, ఇక్కడ దిగగానే చెప్పాలి. లేకపోతే అమ్మగారిని ఎయిర్‌పోర్టులో నిలబెట్టి దుంపలు తీసేసుకుంటారు. ఆవకాయ తెమ్మను. దుంపలు ఇక్కడే జనవరి తర్వాత సగం ధరకి అమ్మేస్తారు. గట్టిగా, బరువుగా ఉన్నది చూసి తీసుకో. చుట్టుకొలత ఎక్కువుంటే రెండు కాడలు వస్తాయి.

నేపర్‌విల్_పెరడు | సెప్టెంబర్ 20

మళ్లీ నేనే. మీరు చెప్పినట్టే ఆరంగుళాల మట్టి కుండీలోకి మార్చి, మే నుంచి వెనక డెక్ మీద పెట్టాను. కుట్టుపెట్టెలో టేపు తీసి కొలుస్తూ వచ్చాను. జనవరిలో దుంప చుట్టుకొలత 17 సెంటీమీటర్లు, ఇప్పుడు 22. ఏడు ఆకులు. ఒక పిలక కూడా వేసింది. విడదీయాలా? నీళ్లు ఈరోజు నుంచి ఆపేశాను. మా ఆయన రెండుసార్లు జాలిపడి పోయబోయాడు.

మంచు_కిటికీ | సెప్టెంబర్ 21

భలే. పిలకని ఈ ఏడు తల్లి దగ్గరే ఉండనివ్వండి. విడదీసినా పూయడానికి ఇంకో రెండు మూడేళ్లు పడుతుంది.

ఒక్క జాగ్రత్త, ఇలా నీళ్లు ఆపి పడుకోబెట్టడం అన్ని రకాలకీ కాదు. పపీలియో అని సీతాకోకచిలుకలా ముదురు ఎరుపు చారలతో పూసేది ఉంది, బ్రెజిల్‌లో చెట్ల కొమ్మలమీద పెరుగుతుంది. అది ఏడాదంతా పచ్చగా ఉండే జాతి. దాన్ని ఎండబెట్టి నేను ఒకటి పోగొట్టుకున్నాను.

నేపర్‌విల్_పెరడు | డిసెంబర్ 29

డిసెంబర్ 1న బేస్‌మెంట్ నుంచి తెచ్చాను, పై మట్టి గీరి కొత్తది వేసి, ఒక్కసారి నీళ్లు పోశాను. ఇప్పుడు పచ్చగా ఒక మొన బయటికి వచ్చింది. ఆకా, మొగ్గా? రోజుకి పదిసార్లు చూస్తున్నాను, ఆఫీసు పని సాగడం లేదు.

డల్లాస్_మామయ్య | డిసెంబర్ 29

పలచగా, చివర గుండ్రంగా ఉంటే ఆకు. లావుగా, ఉబ్బుగా, దుంప మధ్యలోంచి కాకుండా పక్కనుంచి వస్తే మొగ్గ.

నేపర్‌విల్_పెరడు | డిసెంబర్ 30

పలచగానే ఉంది. మధ్యలోనే ఉంది. సరే.

మంచు_కిటికీ | డిసెంబర్ 30

ఆకు ముందొచ్చినంత మాత్రాన కాడ రాదని కాదు. నీళ్లు తక్కువ పోయండి, వెచ్చగా ఉంచండి, ఆరేడు వారాలు ఆగండి.

నేపర్‌విల్_పెరడు | ఫిబ్రవరి 9

జనవరి 20న పక్కనుంచి ఒక లావు మొన వచ్చింది. చెప్తే దిష్టి తగులుతుందని ఇక్కడ రాయలేదు. కాడ కిటికీ వైపు వాలిపోతుంటే రోజూ పావువంతు తిప్పాను. నిన్న రెండు పూలు విచ్చాయి. డబ్బాలో కొన్నప్పుడు నాలుగు, ఇప్పుడు రెండే, సైజు కూడా చిన్నవి. అయినా అవి కొన్నవి, ఇవి నావి.

మంచు కిటికీ గారూ, పూలు వాడాక ఏం కోయాలి, ఏం కోయకూడదు? మళ్లీ ఒకసారి చెప్పండి.

మంచు_కిటికీ | ఫిబ్రవరి 9

ఇప్పుడైతే కాస్త చల్లటి చోట పెట్టండి, పూలు ఎక్కువ రోజులుంటాయి. వాడాక పువ్వు మటుకు గిల్లేయండి, గింజ కట్టనివ్వకండి. కాడ పసుపు తిరిగేదాకా ఉంచండి, పచ్చగా ఉన్నంతసేపు అదీ వంట చేస్తుంది. ఆకుల్ని ముట్టుకోకండి.

నేపర్‌విల్_పెరడు | ఫిబ్రవరి 10

కత్తెర మా ఆయనకిచ్చి దాచేయమన్నాను.