టులూజ్‌లో ఇంటి విందు: ఏ చీజ్‌కు ఏ వైన్?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఈమధ్యే గుంటూరు నుంచి ఫ్రాన్స్‌లోని టులూజ్ వచ్చాం. వచ్చే శనివారం ఆఫీసులోని ఫ్రెంచివాళ్లు నలుగురినీ, మనవాళ్లవి రెండు కుటుంబాలనూ భోజనానికి పిలిచాం. వంట మన పద్ధతిలోనే. దానికి ముందు చీజ్, వైన్ పెట్టాలనుకుంటున్నాం. దుకాణంలో అన్ని రకాలు చూసి ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోయాం. మంచి ఎర్ర వైన్ కొంటే అన్నింటికీ సరిపోతుందా? అన్నయ్యలు, అక్కయ్యలు దయచేసి చెప్పండి.

జవాబు:
నమస్కారమండీ. ఎర్ర వైన్ ఒక్కటే కొనకండి. చీజ్ అనగానే అందరికీ అదే గుర్తొస్తుంది గానీ, చాలా చీజ్‌లకు తెల్ల వైనే బాగా కుదురుతుంది. ఎర్ర వైన్‌కు ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ వగరు వస్తుంది. మేకపాల చీజ్ పులుపుతోనో, నీలి బూజు చీజ్ ఉప్పుతోనో ఆ వగరు కలిస్తే నోరు చేదవుతుంది. తెల్ల వైన్‌లో వగరు చాలా తక్కువ. దానిలోని పులుపు నాలుక మీది జిడ్డును కడిగేస్తుంది, తర్వాతి ముక్క మళ్లీ కొత్తగా అనిపిస్తుంది.

చీజ్‌లు మూడు చాలు. పళ్లెం నిండా పది రకాలు పేరిస్తే ఎవరికీ ఏ రుచీ గుర్తుండదు. పైగా మీరున్న ప్రాంతంలోనే అద్భుతమైనవి తయారవుతాయి, దూరపు పేర్ల జోలికి వెళ్లకండి.

మొదట రొకమదూర్. లోత్ జిల్లా మేకపాలది, సుమారు 35 గ్రాముల చిన్న బిళ్ల. దానికి టులూజ్‌కు ఈశాన్యాన ఉన్న గయాక్ నుంచి వచ్చే తీపి లేని తెల్ల వైన్ తీసుకోండి. రెండోది ఒసో-ఇరాతీ. పిరనీస్ పర్వతాల పడమటి వైపు గొర్రెపాలతో చేసే గట్టి చీజ్. పక్కన నల్ల చెర్రీ జామ్ కొంచెం పెట్టండి, అక్కడివాళ్లు అలాగే తింటారు. ఎర్ర వైన్ తప్పక ఉండాలనుకుంటే దీనికే పెట్టండి. టులూజ్‌కు ఉత్తరాన ఫ్రొంతోన్‌లో నెగ్రెత్ ద్రాక్షతో చేసే వైన్‌లో వగరు మరీ ఎక్కువగా ఉండదు.

మూడోది రోక్‌ఫోర్. ఇది మాత్రం వదలకండి. అవేరోన్ జిల్లాలో ఆ పేరుగల ఊరి గుహల్లోనే మాగే గొర్రెపాల నీలి బూజు చీజ్. 1925 నుంచే ఆ పేరుకు చట్టరక్షణ ఉంది. ఒట్టిగా తింటే ఉప్పు, ఘాటు మొహం మీద కొట్టినట్టుంటాయి. జురాన్సోన్ అనే తీపి తెల్ల వైన్ ఒక్క గుక్క తాగి మళ్లీ తినండి. జామకాయ ముక్కకు ఉప్పు అద్దినప్పుడు తీపి పైకి తేలుతుంది చూడండి, ఇక్కడా అంతే. సొతెర్న్ అనే తీపి వైన్ పేరు పెద్దదే, ధర కూడా పెద్దదే. జురాన్సోన్‌తో ఏ లోటూ ఉండదు.

భోజనానికి ముందు కాబట్టి మనిషికి మూడు రకాలూ కలిపి 60 నుంచి 80 గ్రాములు చాలు. రొకమదూర్ బిళ్లను ఇద్దరికి ఒకటి చొప్పున లెక్క వేసుకోండి. 750 మిల్లీలీటర్ల సీసాకు ఆరు గ్లాసులు వస్తాయి, తీపి వైన్ మాత్రం సగం గ్లాసే పోస్తారు. చీజ్‌ను గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీయండి, చల్లగా ఉంటే రుచి తెలియదు. ఫ్రొంతోన్‌ను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. ఎర్ర వైన్ గది వేడిమిలో ఉండాలనే మాట టులూజ్ వేసవికి పనికిరాదు.

ఫ్రెంచివాళ్లు చీజ్‌ను ప్రధాన భోజనం అయ్యాక, మిఠాయికి ముందు తింటారు. మీరు మాత్రం ముందే పెట్టండి. గోంగూర, వేపుడు తిన్న నాలుకకు రొకమదూర్ ఏం తెలుస్తుంది? అదే కారణంగా మిరపకాయ బజ్జీలు చీజ్ ఉన్న బల్ల మీదికి రానివ్వకండి. మద్యం తోడైతే కారం మరింత మండుతుంది.

మరో జవాబు:
వచ్చే మనవాళ్లలో శాకాహారులు ఉన్నారేమో ముందే అడిగారా? పాలు విరగడానికి వాడే రెన్నెట్‌ను సంప్రదాయంగా దూడ కడుపు నుంచి తీస్తారు. పైన చెప్పిన మూడింటికీ అటువంటిదే వాడతారు. కోంతే, పార్మెజాన్ చీజ్‌లు కూడా అంతే. తెలియక తిన్నవాళ్లు తర్వాత తెలుసుకుని బాధపడటం నేను చూశాను. దయచేసి ముందే చెప్పండి, ఏది తినాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. వాళ్ల కోసం నిమ్మరసంతో విరిచిన పనీర్‌ను ఇంట్లోనే చేసి, మిరియాల పొడి, ఆలివ్ నూనె చల్లి వేరే పళ్లెంలో, వేరే కత్తితో పెట్టండి. గయాక్ తెల్ల వైన్‌కు అది చక్కగా నప్పుతుంది. కొన్ని వైన్లను తేటపరచడానికి గుడ్డు తెల్లసొన, చేప జిగురు వాడతారు. వీగన్ గుర్తు ఉన్న సీసా అడిగితే ఆ చిక్కు ఉండదు.

గర్భిణులు ఎవరైనా ఉంటే రొకమదూర్, రోక్‌ఫోర్ వాళ్లకు వద్దు. రెండూ పచ్చిపాలతో చేసినవి, లిస్టీరియా అనే హానికర బాక్టీరియా భయం ఉంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలండీ. ఒక కుటుంబం పూర్తి శాకాహారులే, ఈ రోజే ఫోను చేసి చెబుతాను. వాళ్లు కారులో వస్తున్నారు. ఒక గ్లాసు తాగితే ఫరవాలేదా?

జవాబు:
ఇక్కడ కారు నడిపేవాళ్లకు మద్యం పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు, కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లకు 0.2 మాత్రమే. కారు నడిపే ఆయనకు వైన్ పోయకండి. మంచి ద్రాక్షరసం కొని చల్లబరిచి, అదే గ్లాసులో ఇవ్వండి.