అప్‌డేట్: హోవార్డ్ జాన్సన్స్ ఎందుకు మాయమైందని అడిగాను కదా

అమెరికాలో నారింజ రంగు పైకప్పులతో, 28 రకాల ఐస్‌క్రీములతో వెలిగిన ఆ రెస్టారెంట్ల గురించి అడిగినప్పుడు, ఫాస్ట్‌ఫుడ్ పోటీయే కారణమని ఎక్కువమంది చెప్పారు. థాంక్స్. అది నిజమే కానీ, చేతులు మారడమే అసలు దెబ్బ అని ఇప్పుడు నాకనిపిస్తోంది. 1985లో మారియట్ అనే హోటల్ కంపెనీ కొన్నాక చాలావాటి పేర్లే మారిపోయాయి.

చదువుతుంటే ఒక సంగతి మనసుకి పట్టుకుంది. ఫ్రెంచ్ షెఫ్ జాక్ పెపాన్ 1960ల మొదట్లో కెన్నెడీ వైట్‌హౌస్‌లో వంట ఉద్యోగం కాదనుకుని మరీ ఈ సంస్థలో చేరాడట! మామూలు ప్రయాణికుల భోజనం కోసం అంత శ్రద్ధ పెట్టిన సంస్థ అది. అందుకే ఇంకా బాధ.

చివరి రెస్టారెంట్, న్యూయార్క్ రాష్ట్రం లేక్ జార్జ్‌లోది, 2022లో మూతపడింది. పేరు మాత్రం హోటళ్ల మీద ఉంది. హోవార్డ్ జాన్సన్స్ పాత మెనూ కార్డులు ఎవరి దగ్గరైనా ఉంటే ఫోటో పెట్టండి, ప్లీజ్.